బిల్డర్‌ను మనం ఎంచుకుంటున్నామా, బిల్డరే మనల్ని ఏరుతున్నాడా?

మా నాయిన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి నిరుడు రిటైరయ్యాడు. చేతికొచ్చిన డబ్బుకు అన్న జీతం మీద వచ్చే బ్యాంకు లోను కలిపి హైదరాబాద్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ కొనాలనుకున్నాం. నల్లగొండ జిల్లాలోని మా ఊరి వాడ నుంచి నగరానికి వచ్చాక తొమ్మిది అద్దె ఇళ్ళు మారాం. తన పేరున రిజిస్టరైన ఇంట్లో పడుకోబోయే మొదటి మనిషి మా వంశంలో మా నాయినే. అందుకే ఆయన భయం ఆయనది. ఇళ్ళు చూడటం మొదలుపెట్టిన రోజు నన్ను ఒక్కటే అడిగాడు: "ఏ బిల్డర్ మంచోడు బిడ్డా?"

యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న బిడ్డకు ఇలాంటివి తెలిసి ఉంటాయని ఆయన నమ్మకం. నాకు తెలియదు కాబట్టి నలుగురినీ అడిగాను. ప్రొఫెసర్లు, సీనియర్లు, అన్న ఆఫీసు మిత్రులు దాదాపు ఒకే మాట చెప్పారు: "పేరున్న బిల్డర్ దగ్గర కొనండి. తెలిసినవాళ్ళ ద్వారా వెళ్ళండి."

వినడానికి ఏ దురుద్దేశమూ లేని సలహా. నాలుగు నెలలు సైట్ల చుట్టూ తిరిగాక మాత్రం ఈ సలహాలోని రెండు ముక్కలూ కులం మీద నిలబడ్డవేనని అర్థమైంది. బిల్డర్‌ను ఎలా ఎంచుకోవాలి అని చెప్పేవాళ్ళంతా ఒక విషయాన్ని ముందే ఒప్పేసుకుని మాట్లాడుతున్నారు: డబ్బున్న ప్రతివాడికీ ఎంచుకునే హక్కు ఉందని, అమ్మేవాడు ఎవరికైనా అమ్ముతాడని. ఆ ఊహ అబద్ధం. ఆ అబద్ధాన్ని చట్టం కూడా చూసీ చూడనట్టు వదిలేసింది.

'తెలిసినవాళ్ళు' ఎవరికి ఉంటారు?

హైదరాబాద్ చుట్టుపక్కల ఒక అపార్ట్‌మెంట్ ఎలా లేస్తుందో చూడండి. భూమి ఉన్న కుటుంబం డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ మీద బిల్డర్‌కు స్థలం ఇస్తుంది. బిల్డర్ సొంత బంధువర్గం నుంచి పెట్టుబడి తెస్తాడు. మొదటి విడత ఫ్లాట్లు ప్రకటన లేకుండానే ఫోన్లలో, వాట్సప్ గ్రూపుల్లో, పెళ్ళి పందిళ్ళలో అమ్ముడుపోతాయి. దీన్నే 'ప్రీ-లాంచ్' అంటారు. రెరాలో నమోదు కావలసిన ప్రాజెక్టును నమోదుకు ముందే అమ్మడం చట్టవిరుద్ధం. అయినా సాగుతూనే ఉంది. ఎందుకంటే అక్కడ పూచీ కాగితం కాదు, "మనోడే" అన్న ఒక్క మాట. గోడకు చెమ్మ వస్తే నోటీసు పంపనక్కర్లేదు, మేనమామతో ఒక ఫోను చేయిస్తే చాలు.

మరి మాకు తెలిసినవాళ్ళు ఎవరు? నిర్మాణ రంగంలో మావాళ్ళు లేక కాదు, బోలెడు మంది ఉన్నారు. సెంట్రింగ్ పనిలో ఉన్నారు, ఇటుకలు మోసేచోట ఉన్నారు, సెల్లార్లో కుటుంబంతో సహా ఉండే వాచ్‌మన్‌గా ఉన్నారు, పదో అంతస్తులో గిన్నెలు తోమే అమ్మగా ఉన్నారు. 'పాలమూరు లేబర్' అన్న మాటే ఒక తరం పాటు ఈ నగరపు కట్టడానికి మారుపేరు. ఇంటిని చేతులతో కట్టినవాళ్ళు మాకు తెలుసు. ఇంటిని అమ్మే కుర్చీలో కూర్చున్నవాళ్ళు తెలియదు. కాబట్టి "తెలిసినవాళ్ళ ద్వారా వెళ్ళండి" అనే సలహా మా ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ముగ్గురు బిల్డర్లు

మేము వెళ్ళిన చోట్లు చాలా ఉన్నాయి. మూడు రకాలు చెబితే సరిపోతుంది.

మొదటిది పెద్ద కంపెనీ. గాజు ఆఫీసు, కాఫీ, మోడల్ ఫ్లాట్. అక్కడ ఎవరూ మా కులం అడగలేదు. చదరపు అడుగు ధర చెప్పగానే మాకు మేమే లేచి వచ్చేశాం. వస్తూ వస్తూ బ్రోచర్ తిరగేస్తే లిఫ్టులు రెండు రకాలు. ఒకటి నివాసులకు, ఒకటి 'సర్వీస్'కు. ఆ రెండో లిఫ్టులో ఎక్కేవాళ్ళు ఏ వాడల నుంచి వస్తారో నాయిన నన్ను అడగలేదు. నేను చెప్పలేదు.

రెండోది మధ్యరకం బిల్డర్. రెరా నంబరు ఉంది, ప్లాను ఉంది, ధర మా చేతికి అందేటట్టే ఉంది. మూడో అంతస్తులో తూర్పు ముఖం ఫ్లాట్ ఒకటి ఖాళీగా ఉందని స్వయంగా తీసుకెళ్ళి చూపించారు. కిందికి వచ్చి టీ తాగుతుండగా ఆఫీసులోని పెద్దమనిషి ఆప్యాయంగా కబుర్లలోకి దిగాడు. ఇంటిపేరు అడిగాడు. ఏ ఊరన్నాడు. చెప్పగానే ముఖం విప్పారింది: "అరే, మా వియ్యంకులది ఆ పక్క ఊరే సార్. మీ ఇల్లు ఊర్లో ఎటువైపు?" నాయిన జీవితంలో అబద్ధం చెప్పడం నేర్చుకోలేదు. ఎటువైపో చెప్పాడు.

ఆ తర్వాత ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. గొంతు కూడా మారలేదు. "ఒక్క నిమిషం సార్" అని లోపలికి వెళ్ళొచ్చి, ఆ ఫ్లాట్‌ను రాత్రే ఎవరో బ్లాక్ చేశారట, సిస్టంలో ఇప్పుడే చూశాం అన్నారు. రెండు రోజుల తర్వాత నా తోటి స్కాలర్ ఒకామె, ఇంటిపేరులోనే కులం వినిపించే అమ్మాయి, నా కోరిక మీద అదే ఆఫీసుకు ఫోన్ చేసింది. అదే ఫ్లాట్, అదే ధర. "ఉంది మేడమ్, ఆదివారం రండి" అన్నారు.

మూడోవాడు చిన్న బిల్డర్. మూడు వందల గజాల స్థలం, ఎనిమిది ఫ్లాట్లు. అతను కులం అడగలేదు, ఊరు అడగలేదు. సగం డబ్బు నగదుగా ఎప్పుడిస్తారని మాత్రం అడిగాడు. రెరా నంబరు అడిగితే "మన దానికి అక్కర్లేదు సార్" అన్నాడు. అతను చెప్పింది నిజమే. 2016 నాటి రెరా చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా నమోదు అవసరం లేదు. 500 చదరపు మీటర్లంటే సుమారు 600 గజాలు. తక్కువ జీతాల వాళ్ళు ఇల్లు కొనగలిగే ఇలాంటి చిన్న అపార్ట్‌మెంట్లే చట్టం గొడుగు బయట ఉన్నాయి. ప్లానులో లేని పై అంతస్తును కూడా అతను మాకు గర్వంగా చూపించాడు.

మా నాలుగు నెలల తిరుగుడు సారం ఇదే. కాగితాలు ఉన్నచోట మాకు గేటు ఉంది. గేటు లేనిచోట కాగితాలు లేవు. ఈ రెంటి మధ్య 'మంచి బిల్డర్‌ను ఎంచుకోండి' అని మాకు చెబుతున్నారు.

అంబేడ్కర్ ముందే చూసిన తలుపు

ఇది అంబేడ్కర్‌కు కొత్త విషయం కాదు. 1917లో విదేశాల నుంచి తిరిగొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్ళినప్పుడు ఆయనకు ఆ ఊళ్ళో తలదాచుకునే చోటు దొరకలేదు. పార్సీ సత్రంలో కులం దాచి ఉన్నాడు. తెలిసిన రోజున కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. ఈ కథ మనందరికీ తెలుసు. ఆ అనుభవాన్ని ఆయన చట్టం భాషలోకి ఎలా మార్చాడో మనం తక్కువగా చర్చించుకుంటాం.

1947లో రాజ్యాంగ సభ కోసం రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో ఆయన బహిష్కరణను శిక్షార్హమైన నేరంగా ప్రతిపాదించాడు. బహిష్కరణ అంటే ఏమిటో నిర్వచిస్తూ ఇల్లు గానీ భూమి గానీ ఇవ్వడానికి నిరాకరించడాన్ని మొదటే పేర్కొన్నాడు. 1948 నవంబర్ 29న, నేటి 15వ అధికరణం మీద చర్చలో 'షాపు' అనే మాటకు అర్థం ఏమిటని సభ్యులు అడిగారు. ఆయన ఇచ్చిన వివరణ సారాంశం: సేవ కోరి వచ్చిన ఎవరికైనా ఆ సేవ అందించడానికి సిద్ధపడి కూర్చున్నచోటల్లా షాపే. 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఈ విశాలార్థాన్నే స్వీకరించింది. 15(2) అధికరణం ప్రభుత్వానికే కాదు, ప్రైవేటు వ్యక్తులకూ వర్తిస్తుంది. అలాంటప్పుడు ఫ్లెక్సీ కట్టి, కరపత్రం పంచి, "రండి, కొనండి" అని పిలిచే బిల్డర్ సేల్స్ ఆఫీసు షాపు కాకుండా ఎలా పోతుంది?

ఇంకా ముందుకు పోదాం. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షన్, అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా నివాసగృహం కట్టుకోవడాన్ని, పొందడాన్ని, అందులో ఉండటాన్ని అడ్డుకుంటే నేరం అంటుంది. బాధితులు షెడ్యూల్డ్ కులానికి చెందినవారైతే ఆ నేరం అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు భావించాలని, కాదని నిరూపించుకునే భారం అవతలివారిదని 12వ సెక్షన్ చెబుతుంది. శిక్ష మాత్రం నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. ఇవాళ సేల్స్ ఆఫీసులో మాకు పోసిన టీ, బిస్కెట్ల ఖర్చు అంతకంటే ఎక్కువ కావచ్చు. 2015లో సవరించిన అత్యాచారాల నిరోధక చట్టం ఆర్థిక బహిష్కరణను నేరం చేసింది. వ్యాపారం చేయడానికి నిరాకరించడం కూడా ఆ నిర్వచనంలో ఉంది.

ఆ మరుసటి సంవత్సరమే రెరా వచ్చింది. కొనుగోలుదారుల చట్టంగా దాన్ని పొగిడారు. పొగడదగ్గవి ఉన్నాయి కూడా. కొనుగోలుదారుల నుంచి వసూలు చేసిన దానిలో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. కట్టడంలో లోపం బయటపడితే అప్పగించిన ఐదేళ్ళ వరకు బిల్డర్ సొంత ఖర్చుతో బాగుచేయాలి. చెప్పిన గడువుకు ఇవ్వకపోతే వడ్డీతో డబ్బు వాపసు చేయాలి. అయితే ఈ రక్షణలన్నీ ఫ్లాట్ దక్కినవాడికి. ఫ్లాట్ ఇవ్వడానికే నిరాకరించబడినవాడి గురించి ఆ చట్టంలో ఒక్క వాక్యం లేదు. 1947లో అంబేడ్కర్ మొదటి వరుసలో రాసిన నేరం 2016 నాటి ఇళ్ళ చట్టంలో చివరి వరుసకు కూడా నోచుకోలేదు.

మూడు సమాధానాలు, మూడింటికీ నా జవాబు

"మార్కెట్‌కు కులం ఉండదు, డబ్బుకే విలువ" అంటారు కొందరు అర్థశాస్త్ర మిత్రులు. దేశంలోని ఏడు పెద్ద నగరాల జనగణన వివరాలను పరిశీలించిన త్రినా విత్తయత్తిల్, గాయత్రీ సింగ్ 2012లో ఈపీడబ్ల్యూలో రాసిన వ్యాసం ఈ వాదాన్ని నిలవనివ్వదు. ఆ నగరాల్లో ఆర్థిక స్థితి కంటే కులమే మనుషులను ఎక్కువగా విడదీస్తోందని అది చూపించింది. ఢిల్లీ పరిసరాల అద్దె ఇళ్ళ మీద సుఖదేవ్ థోరాట్ బృందం 2015లో అచ్చువేసిన అధ్యయనం దళితులకు, ముస్లింలకు తలుపులు ఎలా మూసుకుంటాయో చూపించింది. ముస్లింలకు మరింత కఠినంగా మూసుకున్నాయి. అక్కడ కూడా చేతిలో అద్దె డబ్బు పట్టుకునే వెళ్ళారు.

"చెప్పకండి. మౌనంగా కొనేయండి. గృహప్రవేశం అయ్యాక ఎవడేం చేస్తాడు?" ఇది మనవాళ్ళ సలహా, అందులోనూ ఉద్యోగాల్లో స్థిరపడిన పెద్దల సలహా. దాని వెనకున్న నొప్పి నాకు తెలుసు, అందుకే వెక్కిరించను. కానీ కులం దాచి కొన్న ఇంట్లో ప్రతి ఏప్రిల్ 14న గోడకు పటం పెట్టాలా వద్దా అని ఆలోచించాలి. ఆదివారం కూర వాసన లిఫ్టు దాకా పోతుందేమోనని కిటికీ మూయాలి. బరోడాలో అంబేడ్కర్ చేసింది కూడా దాచడమే. అది ఆయనకు నీడనివ్వలేదు.

"మన కాలనీ మనమే కట్టుకుందాం" అన్నది మూడో మాట. గ్రామంలో భూస్వామి మీద ఆధారపడి బతికే దళితులకు ప్రత్యేక ఆవాసాలు కావాలని అంబేడ్కరే అడిగాడు కదా అని గుర్తుచేస్తారు. ఆయన అడిగింది భూమితో సహా, ప్రభుత్వ బాధ్యతతో సహా. ఇవాళ మనం రిటైర్మెంట్ డబ్బుతో నగరం చివర కట్టుకునే కాలనీ ఆయన అడిగింది కాదు. అదీకాక ఒకే సమూహానికి చెందినవారే సభ్యులు కావాలన్న నిబంధనను 2005లో జొరాస్ట్రియన్ సహకార గృహ సంఘం కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తీర్పు తెరిచిన దారిలో మైనారిటీ తన నీడ వెతుక్కోవచ్చు, నిజమే. అదే దారిలో 'శాకాహారులకు మాత్రమే' అనే బోర్డు కూడా దర్జాగా నడిచి వస్తుంది. సహకార గృహ సంఘాలు కట్టుకుందాం, తప్పులేదు. అవి మన ఎంపికగా ఉండాలి గానీ మనకు మిగిలిన ఏకైక చోటుగా కాదు.

పేరు కాదు, కాగితం

మరి నాయిన ప్రశ్నకు జవాబు ఏమిటి? నేను చివరికి చెప్పింది ఇది: బిల్డర్ పేరు చూడొద్దు, కాగితం చూడు. పేరు అనేది కులం దాచుకున్న పెట్టుబడి. దాని మీద వడ్డీ మనకు రాదు. మనకు పనికొచ్చే పూచీ ఒక్క రాతపూర్వక పూచీయే.

భూమి ఎవరిదో మొదట చూడాలి. ప్రభుత్వం భూమిలేని పేదలకు అసైన్ చేసిన భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది. ఆ పేదల్లో దళితులు ఎందరో మనకు తెలుసు. 22-ఏ నిషేధిత జాబితా చూడకుండా కొంటే డబ్బు పోవడమే కాదు, మనలాంటి మరో కుటుంబం నుంచి జారిపోయిన నేల మీద మనం ఇల్లు కట్టుకున్నవాళ్ళమవుతాం. తర్వాత లింకు డాక్యుమెంట్లు, ఈసీ, చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు చూడాలి. 2024లో హైడ్రా కూల్చివేతలు మొదలయ్యాక చెరువు హద్దు మాట ఎవరికీ చెప్పనక్కర్లేదు. మంజూరైన ప్లానులో ఏ ఫ్లాట్లు కార్పొరేషన్‌కు మార్ట్‌గేజ్‌లో ఉన్నాయో, మన ఫ్లాట్ అందులో ఉందో అడగాలి. కార్పెట్ ఏరియా ఎంతో అగ్రిమెంట్‌లో రాయించాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేకుండా తాళాలు తీసుకోకూడదు.

ఆఖరుగా, అదే బిల్డర్ మూడు నాలుగేళ్ళ కింద కట్టిన అపార్ట్‌మెంట్‌కు వెళ్ళి వాచ్‌మన్‌తో, పనిచేసే అమ్మలతో మాట్లాడాలి. ఏ గోడకు చెమ్మ వచ్చిందో, ఫోన్ చేస్తే బిల్డర్ వచ్చాడో లేదో, లిఫ్టు ఎవరిని ఎక్కనివ్వరో వాళ్ళకు తెలిసినంతగా అసోసియేషన్ ప్రెసిడెంట్‌కు తెలియదు. మనకూ తెలిసినవాళ్ళు ఉన్నారని ఇందాక అన్నాను. వాళ్ళు వీళ్ళే.

ఇవన్నీ కొనేవాళ్ళు చేయగలిగినవి. కానీ దళిత కుటుంబం ఎన్ని కాగితాలు చూసినా "నిన్న రాత్రే బ్లాక్ అయింది" అన్న మాటకు మందు అందులో లేదు. దానికి చట్టం కావాలి. నా డిమాండ్లు మూడు. రెరాలో నమోదయ్యే ప్రతి ప్రాజెక్టూ కులం, మతం, తిండి ఆధారంగా ఎవరికీ అమ్మకం నిరాకరించబోమని ప్రమాణపత్రం ఇవ్వాలి, ఉల్లంఘిస్తే నమోదు రద్దు కావాలి. ఏ ఫ్లాట్ ఖాళీ, ఏది ఎప్పుడు బుక్కయింది అన్నది రోజువారీగా రెరా వెబ్‌సైటులో కనబడాలి, కాదన్నప్పుడు కారణం రాసివ్వాలి. ఎనిమిది ఫ్లాట్ల మినహాయింపు ఎత్తేయాలి. ఇవి అసాధ్యాలేమీ కావు. ఇల్లు అమ్మకంలో జాతి వివక్షను అమెరికా 1968లోనే ఫెయిర్ హౌసింగ్ చట్టంతో నిషేధించింది. అక్కడ తెల్లవారినీ నల్లవారినీ వేర్వేరుగా అదే ఇంటికి పంపి వివక్షను పట్టుకునే పద్ధతి కోర్టుల్లో సాక్ష్యంగా నిలుస్తోంది. నా స్నేహితురాలు ఫోన్‌తో చేసిన పనే అది. మన దగ్గర అది ఇద్దరు విద్యార్థుల ఆవేశంగా మిగిలిపోతోంది.

అందుకే ఈ మాట ముఖ్యంగా తోటి పరిశోధకులకు. మనం అద్దె ఇళ్ళ వివక్ష మీద కొంత రాశాం. అమ్మకాల మార్కెట్‌ను దాదాపు ముట్టుకోలేదు. మొదటి తరం ఉద్యోగులు రిటైరై, జీవితకాలపు డబ్బు చేతపట్టుకుని సేల్స్ ఆఫీసుల్లోకి అడుగుపెడుతున్న కాలం ఇది. నగరానికో పదిమంది స్కాలర్లు జంటలుగా వెళ్ళి, రాసి, లెక్కగట్టి అచ్చువేస్తే రేపు ఒక కోర్టు ముందు పెట్టడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఇక మా సంగతి. ఆ రెండో బిల్డర్‌కు నాయిన పేరుతో ఒక ఉత్తరం రాశాను. ఫ్లాట్ ఏ తేదీన ఎవరి పేర బుక్కయిందో రాతపూర్వకంగా తెలపమని, పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4, 12 సెక్షన్లను ప్రస్తావించి, రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. నాలుగో రోజున ఫోన్ వచ్చింది. పొరపాటు జరిగిందట, ఆ ఫ్లాట్ ఖాళీగానే ఉందట, ఎప్పుడైనా రావచ్చట.

నేను ఎగిరి గంతేశాను. నాయిన కదల్లేదు. "మనల్ని చూసి లేదన్నోడు కాగితం చూసి ఉందంటుండు. ఆ ఇంట్ల నిద్రెట్ల పడతది బిడ్డా?" అన్నాడు.

కొనాల్సిందే అని నేనంటున్నాను. కాగితం చూసి తెరిచిన తలుపైనా అది మనం తెరిపించిన తలుపు, దాన్ని వదిలేస్తే వాళ్ళు కోరుకున్నదే జరుగుతుందని నా వాదన. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకుంటాడో లేదో తెలియదు. డబ్బు కూడబెట్టడానికి ముప్పై ఏళ్ళు పట్టిన మనిషికి, ఆ డబ్బుతో అవమానాన్ని కూడా కొనుక్కోవాలా వద్దా అని తేల్చుకోవాల్సిన పరిస్థితి తెచ్చిపెట్టిన దేశంలో, మంచి బిల్డర్ ఎవరన్నది రెండో ప్రశ్న. అమ్మనని అన్నవాడిని నిలదీసే చట్టం ఎక్కడన్నదే మొదటి ప్రశ్న.